ఏటిగట్టు దాకా: వరద వారంలో ఒక సువార్త యాత్ర

ఆదివారం, కాకినాడ

ఆరాధన అయ్యాక మందిరం వసారాలోనే సామాన్లు సర్దుకున్నాం. కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామంలో పగలు వైద్య శిబిరం, రాత్రి కూటాలు పెట్టాలని మా సంఘం ఎప్పటి నుంచో అనుకుంటోంది. ఆ లంకలో విశ్వాసుల కుటుంబాలు చాలా కొద్ది. రేకుల షెడ్డే వాళ్ల మందిరం. దాన్ని కనిపెట్టుకుని ఉండేది చదువు అంతంతమాత్రంగా వచ్చిన ఒక మామ్మగారు. క్రిస్మస్ నుంచీ ఆవిడ ఫోన్ చేసి "ఎప్పుడొత్తారండి అయ్యగారూ" అని అడుగుతూనే ఉన్నారు. చివరికి డాక్టరమ్మ గారికి సెలవు దొరికింది జూలై ఆఖరి వారంలో. ఈ ఏడు వానలు ఆలస్యం. మొన్నటిదాకా గోదారిలో ఇసుక తిన్నెలే కనబడ్డాయి కాబట్టి ఫరవాలేదనుకున్నాం.

నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. బీపీ మిషను, షుగర్ స్ట్రిప్పులు, డ్రెస్సింగ్ సామాను నా బాధ్యత. లంక నుంచి ఒకాయన కాలి పుండు ఫోటో వారం కిందటే నా ఫోన్‌కి వచ్చింది. షుగరు పుండు. బొటనవేలి కింద నల్లబడింది. అమలాపురం పెద్దాసుపత్రికి వెళ్లమంటే గేదెల్ని ఎవరు చూస్తారని ఆయన కదలడం లేదట. ఈ ప్రయాణంలో నా మనసు సగం ఆ కాలి మీదే ఉంది.

సాయంత్రం టీవీలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు దాటిందని, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని చెప్పారు. పాస్టర్ గారికి ఫోన్ చేశాను. "బయల్దేరదాం సిస్టరమ్మా. దారిలో ఏం చెయ్యాలో దారిలోనే తెలుస్తుంది" అన్నారు.

సోమవారం, కోటిపల్లి రేవు

తెల్లారకుండానే వ్యాను బయల్దేరింది. పాస్టర్ గారు, డాక్టరమ్మ గారు, నేను, కీబోర్డు సౌండు బాక్సులతో ఇద్దరు కుర్రాళ్లు. రామచంద్రాపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరి, అక్కడ పంటు మీద గోదావరి పాయ గౌతమిని దాటి ముక్తేశ్వరంలో దిగితే అమలాపురం దగ్గరైపోతుంది. అదీ మా లెక్క.

రేవులో పంటు గట్టుకి కట్టేసి ఉంది. నీళ్లు ఎర్రగా, చిక్కగా వేగంగా పోతున్నాయి. మధ్యమధ్య అరటి బోదెలు, ఎక్కడివో తాటి మొద్దులు కొట్టుకొస్తున్నాయి. పంటు నడిపే ఆయన మమ్మల్ని చూడగానే చేత్తో లేదన్నట్టు ఊపాడు. "ఇంక నాలుగైదు రోజులు లేదండి ఆయ్. యానాం వారధి మీద నుంచి తిరిగెళ్లండి."

టీ తాగుతూ నిలబడ్డాం. కుర్రాళ్లలో చిన్నవాడికి అప్పుడే దిగులు మొదలైంది. "మొదటి అడుగులోనే అడ్డొచ్చింది, మనం బయల్దేరడమే దేవుని చిత్తం కాదేమో అయ్యగారూ" అన్నాడు. పాస్టర్ గారు వాడికి మా కాకినాడ సంగతే చెప్పారు. మెక్లారిన్ హైస్కూలు ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లమే అయినా ఆ కథ మాలో చాలామందికి తెలియదు.

కెనడా తూర్పు తీరంలోని మారిటైమ్ ప్రాంతాల బాప్తిస్టులు 1873లో సముద్రం మీద బయల్దేరింది తెలుగువాళ్ల కోసం కాదు. సయాంలో, అంటే నేటి థాయిలాండులో, ఉన్న కరెన్ అనే కొండజాతి ప్రజల మధ్య పనిచేయాలని వాళ్ల ప్రణాళిక. దానికోసమే ప్రార్థించారు, దానికోసమే సంఘాలు కానుకలిచ్చాయి. బర్మా చేరి, అక్కడి నుంచి సయాం వైపు వెళ్లి చూస్తే అనుకున్నంత మంది కరెన్లు అక్కడ లేరు. అంత దూరం వచ్చాక పని చేయడానికి చోటే లేదు.

అదే సమయంలో ఇక్కడ కాకినాడలో ఇంకో కథ నడుస్తోంది. థామస్ గాబ్రియేల్ అనే తెలుగాయన టెలిగ్రాఫ్ ఉద్యోగం వదులుకుని సువార్త పని మొదలుపెట్టి, అప్పుల్లో పడి, ఆదుకోమని బాప్తిస్టులను అడిగారు. ఒంగోలులో ఉన్న కెనడా బాప్తిస్టు మిషనరీ జాన్ మెక్లారిన్ 1874 మార్చిలో కాకినాడ వచ్చారు. సయాంలో దారి మూసుకుపోయిన ఆ మారిటైమ్ మిషనరీలు 1875లో కాకినాడలో వచ్చి కలిశారు. తర్వాత భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి వైపు వెళ్లి స్థిరపడ్డారు. ఉత్తరాంధ్రలో ఈనాడున్న ఎన్నో సంఘాల మొదలు అది.

"వాళ్లు కెనడాలో, హాలిఫాక్స్‌లో ఇంట్లో కూర్చుని ఉంటే ఆ అడ్డు కనబడేదా? వెళ్లారు కాబట్టే మలుపు తెలిసింది" అన్నారు పాస్టర్ గారు.

ఆ మాట నాకు బాగా పట్టింది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో పౌలు బృందానికి కూడా నడుస్తుండగానే అడ్డు తగిలింది. ఆసియలో, అంటే నేటి టర్కీ పడమటి ప్రాంతంలో, వాక్యం చెప్పొద్దని పరిశుద్ధాత్మ ఆపాడు. సరే అని బితూనియ వైపు తిరిగితే అటూ వెళ్లనివ్వలేదు. రెండు దార్లూ మూసుకున్నాక కూడా వాళ్లు వెనక్కి పోలేదు. మిగిలిన దారిలో నడిచి త్రోయ రేవు దాకా వచ్చారు. ఎక్కడికి పోతున్నామో తెలియకుండా అన్ని రోజులు నడవడం ఎంత కష్టమో మనం ఆ రెండు మూడు వచనాలు చదివేటప్పుడు ఆలోచించం.

యానాం మీదుగా ఎదుర్లంక వారధి దాటి, మురమళ్ల నుంచి అమలాపురం వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వారధి మీద నుంచి చూస్తే గౌతమి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నిండుగా ఉంది. రాత్రికి పి.గన్నవరంలో తెలిసిన విశ్వాసుల ఇంట్లో బస. పనసపొట్టు కూర, ఆవపెట్టిన పులుసు. లంక మామ్మగారికి ఫోన్ కలవలేదు.

మంగళవారం, బూరుగులంక రేవు

పొద్దున్నే రేవు దగ్గరికి వెళ్లాం. ఎండాకాలంలో లంకలకు వెళ్లడానికి పాయలో మట్టితో వేసిన బాట కనబడలేదు. అది మొదటి ఎర్రనీళ్లకే కొట్టుకుపోయింది. బూరుగులంక, అరిగెలవారిపేట, ఉడిమూడిలంక, జి.పెదపూడి లంక ఊళ్లకు ప్రతి వరదలోనూ ఇదే కష్టం. బాట పోతే పడవే గతి. పిల్లలు బడికి, పాలు కేంద్రానికి, గర్భిణులు ఆసుపత్రికి, అందరికీ పడవే. పక్కన కొత్త వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి గాని ఆ పూట వాటితో ఎవరికీ ప్రయోజనం లేదు.

ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక అమల్లో ఉంది. అంటే బ్యారేజీ దగ్గర మట్టం 13.75 అడుగులు, సముద్రంలోకి వదిలే నీళ్లు 13 లక్షల క్యూసెక్కులు. మూడోది 17.75 అడుగుల దగ్గర ఇస్తారు. అక్కడిదాకా పోకూడదని గట్టు మీద ప్రతి ఒక్కరూ కోరుకుంటున్నారు. ఇంజిన్ పడవలు తిరుగుతున్నాయి. కానీ వాటి మీద ఊళ్లోవాళ్లను, పశువుల గడ్డిని, మంచినీళ్ల టిన్నులను మాత్రమే ఎక్కిస్తున్నారు. రెవెన్యూ వాళ్లు మమ్మల్ని మర్యాదగానే ఆపారు. "బయటివాళ్లని పంపడానికి లేదండి. నీళ్లు తగ్గాక రండి."

మా పెద్ద కుర్రాడు ఊరుకోలేదు. కాస్త పక్కకి వెళ్లి ఒక నాటు పడవ ఆయనతో మాట్లాడి వచ్చాడు. ఎక్కువ డబ్బులిస్తే చీకటి పడ్డాక దాటిస్తానన్నాడట. "యొర్దాను పొంగి ఉన్నప్పుడే కదా అయ్యగారూ ఇశ్రాయేలీయులు దాటింది? మనకి విశ్వాసం లేదా?" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వాడి మనసులో భారం ఉంది, వాణ్ణి చులకన చేయడానికి ఎవరికీ నోరు రాలేదు.

పాస్టర్ గారు వాడి భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. "యాజకులు నీళ్లలో కాలు పెట్టింది దేవుడు పెట్టమన్నాక, బాబూ. ఇక్కడ మనకా మాట రాలేదు. పైగా ఆ పడవ ఆయనకి ఇంట్లో పిల్లలున్నారు. మన విశ్వాసానికి వాళ్లెందుకు పూచీ పడాలి?"

ఆ తర్వాత గట్టు మీద రావిచెట్టు కింద కూర్చుని చాలాసేపు ప్రార్థన చేశాం, మాట్లాడుకున్నాం. ఆ మాటలు ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే పరిచర్యలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. దారి మూసుకున్నప్పుడు, మూసింది ఎవరు?

అడ్డు వచ్చిన ప్రతిసారీ "ఇది దేవుని చిత్తం కాదు" అనేయడం సులువు. బైబిలు అలా చెప్పడం లేదు. బితూనియకు వెళ్లనివ్వనిది యేసు ఆత్మ అని అపొస్తలుల కార్యములు రాసిన లూకా చెప్పాడు. అదే పౌలు థెస్సలొనీకయులకు రాసినప్పుడు, మీ దగ్గరికి రావాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాం గాని సాతాను అడ్డుపడ్డాడు అన్నాడు. రోమా సంఘానికి రాసినప్పుడు ఎన్నోసార్లు రావాలనుకుని ఆగిపోయానంటూ, ఇంకా క్రీస్తు పేరు వినని చోట్ల పని ఉండడం వల్ల అని చెప్పాడు. మూడు అడ్డులు, మూడు కారణాలు. అడ్డుపడిన క్షణంలోనే అది ఏ రకమో పౌలుకు తెలిసిపోయిందని నేను అనుకోను. చాలావరకు వెనక్కి చూసుకున్నప్పుడే తెలిసి ఉంటుంది.

ఇంకో సంగతి డాక్టరమ్మ గారు ఎత్తి చూపించారు. త్రోయలో, మాకెదోనియకు వచ్చి సాయం చేయమని ఒక మనిషి పిలిచే దర్శనం చూసింది పౌలు ఒక్కడే. మాకెదోనియకు వెళ్లాలని తేల్చుకున్నది మాత్రం అందరూ కలిసి. లూకా "మేము" అని రాయడం మొదలుపెట్టేది కూడా అక్కడే. ఎంతటి అపొస్తలుడైనా తనకు వచ్చిన నడిపింపును తోటివాళ్ల ముందు పెట్టాడు. మన దగ్గర ఒక్కొక్కరు "దేవుడు నాతో మాట్లాడాడు" అని చెప్పి సంఘం మొత్తాన్ని తమ వెంట లాక్కుపోవడం చూశాను. దానివల్ల కుటుంబాలు అప్పుల పాలైన సంగతులూ తెలుసు. అందుకే ఆ రోజు రావిచెట్టు కింద ఎవరూ ఆ మాట వాడనందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

చివరికి తేలిందేమిటంటే, మాకేమీ తేలలేదు. దర్శనం రాలేదు. ఎవరికీ ఏ వచనమూ గుండెకు తగల్లేదు. పడవ ఎక్కకూడదన్నది ఒక్కటే ఖాయం. సాయంత్రం దాకా గట్టు మీద గుడారాలేసుకున్న వాళ్లకి బీపీలు చూశాం, పిల్లల జ్వరాలకు మందులిచ్చాం. పులిహోర పొట్లాలు పంచే పంచాయతీ వాళ్లకి మా కుర్రాళ్లు సాయం చేశారు.

బుధవారం, పాలకొల్లు, నరసాపురం

డాక్టరమ్మ గారి సెలవు ఇంకా ఉంది. పాలకొల్లులో పాస్టర్ గారి స్నేహితుల సంఘం వాళ్లు మా ఇంటికి వచ్చి ఉండండి, నీళ్లు తగ్గుతాయేమో చూద్దురు అన్నారు. సఖినేటిపల్లి రేవులో పంటు లేదు కాబట్టి రాజోలు, దిండి మీదుగా చించినాడ వంతెన దాటాం. రోజంతా వాన. మధ్యాహ్నం నరసాపురం దాకా వెళ్లి, గోదావరి ఇంకో పాయ వశిష్ఠ గట్టు మీద కాసేపు నిలబడి వచ్చాం.

నరసాపురానికి వెళ్లాలని అడిగింది నేనే. ఈ డెల్టాలో సువార్త పనికి తొలి పునాదులు పడింది అక్కడే. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి 1836లో బయల్దేరారు. బౌడెన్ రాతిపని చేసేవాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇద్దరి భార్యల పేరూ ఎలిజబెత్తే. ముందు మచిలీపట్నంలో ఉండి తెలుగు నేర్చుకుని, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అనే పేరు వాళ్ల పని నుంచే వచ్చింది. ఏ పెద్ద సంస్థా నెలజీతం ఇస్తానని వాళ్లను పంపలేదు.

వాళ్లను తీసుకొచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ కథ నాకు ఆ వానలో మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. గ్రోవ్స్ ఎక్సెటర్‌లో మంచి సంపాదన ఉన్న దంతవైద్యుడు. అనాథాశ్రమాలు నడిపి, మన సంఘాల్లో అందరికీ తెలిసిన జార్జి ముల్లర్ భార్యకు అన్న. అన్నీ వదులుకుని 1829లో కుటుంబంతో బాగ్దాదుకు వెళ్లాడు. అదే తన చోటు అనుకున్నాడు. 1831లో అక్కడ ప్లేగు వచ్చింది. దానితోపాటే టైగ్రిస్ నది పొంగి ఊరిలో వేల ఇళ్లు కూలిపోయాయి. ఆయన భార్య మేరీ ప్లేగుతో చనిపోయింది. 1833లో గ్రోవ్స్ భారతదేశానికి వచ్చాడు. ఇక్కడి అవసరం చూసి, ఇంగ్లండు వెళ్లి, పనివాళ్లను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. అలా వచ్చినవాళ్లే బౌడెన్, బీర్ కుటుంబాలు.

బాగ్దాదులో ఆయన దినచర్య రాసుకునేవాడు. ఆ ప్లేగు రోజుల్లో ఆయనకు నరసాపురం పేరు తెలిసే అవకాశమే లేదు. "ఇదంతా ఎందుకు" అని అడిగితే జవాబు రాని రోజులు అవి. తర్వాత ఏం జరిగిందో మనకు తెలుసు కాబట్టి ఆ కథను మనం ధైర్యంగా చెప్పుకుంటాం. ఆయన మాత్రం ఆ తర్వాతి కథ తెలియకుండానే నమ్మాడు. నమ్మకమంటే అది.

రాత్రి పాలకొల్లులో చిన్న ప్రార్థన కూటం. ఎక్కువ రాయడానికి ఏమీ లేదు. పాటలు బాగా పాడారు.

గురువారం, మళ్లీ గట్టు మీద

పొద్దున్న లంక నుంచి కబురు వచ్చింది. రాత్రి పల్లపు వీధుల్లోకి నీళ్లు వచ్చాయని, వృద్ధుల్ని, రోగుల్ని పడవల మీద ఇవతలి గట్టుకి తీసుకొస్తున్నారని. వెంటనే బయల్దేరాం.

ఒక పడవలోంచి ఇద్దరు చేతులు పట్టుకుని దింపుతున్న మనిషిని చూడగానే నాకు తెలిసిపోయింది. మొహం నేనెప్పుడూ చూడలేదు. కాలు చూశాను కదా, ఫోటోలో. గేదెల్ని వదిలి రానన్న మనిషి, గేదెలతో సహా వచ్చాడు. పెద్ద పడవలో వాటినీ తెచ్చారు. బడిలో పెట్టిన పునరావాస కేంద్రం వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి కట్టు విప్పాను. పుండు ఫోటోలో కన్నా లోతుగా ఉంది. వాసన వస్తోంది. డాక్టరమ్మ గారు చూసి, ఇవాళే అమలాపురం వెళ్లకపోతే వేలు కాదు, పాదం పోతుందన్నారు. సెలైన్‌తో కడుగుతూ ఉంటే నొప్పి తెలియకుండా ఆయన్ని మాటల్లో పెట్టాను.

ఆయన విశ్వాసి కాదు. అయినా మేమెవరమో ఆయనకు తెలుసు. "మీరే కదండీ కూటాలు పెడతామన్నది? మామ్మ మీకోసం చూసి చూసి తనే మొదలెట్టేసిందండి" అన్నాడు.

ఏం మొదలెట్టారని అడిగాను.

సోమవారం రాత్రి షెడ్డులోకి నీళ్లు వస్తాయని భయపడి ఊరి జనమంతా బడి మేడ మీదకు చేరారట. అన్ని వీధులవాళ్లూ. కరెంటు లేదు. పిల్లలు ఏడుస్తుంటే మామ్మగారు పాట ఎత్తుకున్నారట. ఆ తర్వాత నోవహు కథ చెప్పారట. ఎవరో ఇంకో పాట అడిగారట. మంగళవారం కూడా. బుధవారం రాత్రి జ్వరంగా ఉన్న ఒక బిడ్డ కోసం ప్రార్థన చేయమని బిడ్డ తల్లే అడిగిందట. "మామూలప్పుడు మేం ఆ షెడ్డు వైపు వెళ్లమండి. మేడ మీద ఇంక ఎటెళ్తాం? నేనూ విన్నాను. గొంతు బాగుంటాదండి ఆవిడది" అన్నాడు.

నేను కట్టు కడుతూనే ఉన్నాను గాని చేతులు కాసేపు ఆగిపోయాయి. మేము అనుకున్న ఆ రాత్రుల్లోనే, మేము అనుకున్న ఊళ్లోనే, కూటాలు జరిగాయి. మేము లేము. సౌండు బాక్సు లేదు. మేము వెళ్లి ఉంటే ఆ షెడ్డులో పెట్టేవాళ్లం, ఆ కొద్ది కుటుంబాలే వచ్చేవి.

పౌలుకు బితూనియ మూసుకుపోయింది గాని సువార్తకు మూసుకుపోలేదు. పేతురు మొదటి పత్రిక మొదటి వచనంలోనే బితూనియలో ఉన్న విశ్వాసులకు శుభం చెబుతాడు. అక్కడికి ఎవరు వెళ్లారో, ఎవరు చెప్పారో ఎక్కడా పేరు లేదు. ఆసియ సంగతి కూడా అంతే, అది శాశ్వతంగా మూసిన తలుపు కాదు. తర్వాత పౌలు ఎఫెసులో రెండేళ్లు ఉండి చెబితే ఆసియలో అందరూ విన్నారని లూకా రాశాడు. ఎన్నిసార్లు చదివినా బితూనియను నేను పౌలు వైపు నుంచే చూసేదాన్ని. బితూనియ వాళ్ల వైపు నుంచి చూడడం ఆ బెంచీ దగ్గర మొదలైంది.

ఆయన్ని 108 అంబులెన్సులో అమలాపురం పంపించాం. గేదెల్ని మా కుర్రాళ్లు చూసుకుంటామన్నారు, నిజంగానే సాయంత్రం దాకా గడ్డి వేశారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ మనిషి కాలు కోసం దేవుడు గోదారిని పొంగించాడని నేను అనను. అదే వరదలో గట్టు మీద నా పక్కనే ఒక కౌలు రైతు కూర్చుని ఉన్నాడు. రెండెకరాల అరటి తోట గెలలతో సహా పోయింది. అప్పు తెచ్చి పెట్టిన పంట. ఆయన ముందు నిలబడి "అంతా మేలుకే" అనడానికి నాకు నోరు రాదు. బాగ్దాదులో గ్రోవ్స్ భార్య చావును నరసాపురం సంఘాలకు ఖరీదుగా లెక్కగట్టడమూ నాకు చేతకాదు. దేవుడు దేనిలోనైనా పని చేయగలడని నమ్ముతాను. దేన్ని దేనికోసం చేశాడో చెప్పే అధికారం మాత్రం నాకివ్వలేదు. ఆ రైతు దగ్గర పాస్టర్ గారు చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడారో నేను అడగలేదు.

శుక్రవారం, ధవళేశ్వరం

డాక్టరమ్మ గారు తిరిగి డ్యూటీలో చేరాలి. రావులపాలెం, బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ మీద నుంచి ధవళేశ్వరం వచ్చాం. 175 గేట్లూ ఎత్తేసి ఉన్నాయి. ఆ హోరులో పక్కవాళ్ల మాట వినబడదు. మట్టం నెమ్మదిగా దిగుతోందని అక్కడున్న సిబ్బంది చెప్పారు.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించిన ఆనకట్ట ఉన్నది ఇక్కడే. దాని స్థానంలోనే ఇప్పటి బ్యారేజీ కట్టారు. ఆనకట్ట కట్టే రోజుల్లో జిల్లా నలుమూలల నుంచి వేల మంది కూలీలు ఇక్కడ గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లు. బౌడెన్ వచ్చి ఆ కూలీల మధ్య వాక్యం చెప్పేవాడు. ఊరూరా తిరిగి వెతకాల్సిన జనం ఒకే చోట దొరికారు, విన్నది తమ ఊళ్లకు తీసుకుపోయారు.

రాజమండ్రిలో భోజనం దగ్గర పెద్ద కుర్రాడు మళ్లీ అదే ప్రశ్న ఎత్తాడు. "అయితే మూసిన తలుపు ఎప్పుడూ తట్టకూడదా?" పాస్టర్ గారు నవ్వి, ఈ ఊరి సంగతే చెప్పారు. 1842లో గుంటూరు వచ్చి లూథరన్ పని మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ తర్వాత అమెరికా వెళ్లిపోయారు. 1869లో రాజమండ్రి పని నడపలేక దాన్ని ఇంకో మిషనరీ సంస్థకు అప్పగించే ఏర్పాట్లు జరుగుతున్నాయి. డెబ్బై అయిదేళ్లు దాటిన హయ్యర్ అమెరికాలో లూథరన్ సంఘాల పెన్సిల్వేనియా సినడు సభలో లేచి నిలబడి, నేను వెళతాను అన్నారు. వచ్చారు కూడా. రాజమండ్రి లూథరన్ల చేతిలోనే నిలిచింది.

"మరి ఆయన ఆగలేదు కదా!" అన్నాడు కుర్రాడు, మొహం వెలిగిపోతూ.

ఆగలేదు. నేను దాని గురించి వ్యానులో ఆలోచిస్తూ వచ్చాను. హయ్యర్ పణంగా పెట్టింది తన ముసలి ఒంటిని. పైగా సభ ముందు నిలబడి, వాళ్ల ఒప్పుదలతో వచ్చారు. మంగళవారం రాత్రి మేము నాటు పడవ ఎక్కి ఉంటే పణంగా పెట్టేది పడవ ఆయన్ని, అదీ దొంగతనంగా. ఏ అడ్డు దేవునిది, ఏది కాదు అని తేల్చడానికి నా దగ్గర కొలబద్ద లేదు గాని, ఈ ఒక్క తేడా నాకు చాలా దూరం పనికొస్తుంది. వాడికీ అదే చెప్పాను. కొంత ఒప్పుకున్నాడు, కొంత ఒప్పుకోలేదు.

సామర్లకోట దాటుతుండగా మామ్మగారి ఫోన్ కలిసింది. గొంతు బొంగురుపోయింది. బడి మేడ మీద నుంచి దిగి ఇళ్లు కడుక్కుంటున్నారట. షెడ్డు రేకులు రెండు లేచిపోయాయట. పాస్టర్ గారు ఫోన్ స్పీకర్లో పెట్టి, ఏం కావాలో చెప్పండి మామ్మగారూ అన్నారు. ఆవిడ ఆలోచించుకునే ఉన్నారు. పెద్ద అక్షరాల బైబిలు ఒకటి, ఎందుకంటే దీపం వెలుగులో పాతది కనబడలేదు. బ్లీచింగ్ పౌడరు. నీళ్లు పూర్తిగా దిగాక ఆ కౌలు రైతుకి, ఇంకా ఇద్దరు ముగ్గురికి అరటి పిలకలు కొనడానికి ఏమైనా వీలవుతుందేమో చూడమన్నారు. వాళ్లెవరూ మన సంఘం వాళ్లు కాదు, అయినా అడుగుతున్నానండి అన్నారు.

"కూటాలకి ఎప్పుడు రమ్మంటారు?" అని నేను అడిగాను.

"సంక్రాంతి ఎళ్లాక రండమ్మా. అప్పటికి మట్టి బాట ఏత్తారు. ఈసారి షెడ్డులో వద్దు, బడి దగ్గరే పెడదాం. పెసిడెంటు గారిని నేను అడుగుతాను."

పాస్టర్ గారు డైరీలో జనవరి పేజీ తీసి రాసుకున్నారు. డాక్టరమ్మ గారికి అప్పుడు సెలవు దొరుకుతుందో లేదో ఇంకా తెలియదు. అమలాపురం నుంచి కబురు వచ్చింది, వేలు తీసేశారట, పాదం దక్కిందట. రేపు పిలకల ధర కనుక్కోవడానికి కడియం వైపు తెలిసినవాళ్లకి ఫోన్ చేయాలి.